జున్ను బొచ్చు మళ్ళీ మునుపటిలా వస్తుందా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా ఇంట్లో నాలుగేళ్ళ తెల్ల పామేరియన్ ఉంది, ఆడది, పేరు జున్ను. కిందటి మే నెలలో రోజంతా నాలుక బయటపెట్టి రొప్పుతుంటే చూడలేక, మా వారు టౌన్‌కి తీసుకెళ్ళి మిషన్‌తో జీరో కటింగ్ చేయించారు. “రెండు నెలల్లో వచ్చేస్తుందండి, ఇంకా ఒత్తుగా వస్తుంది” అన్నారట అక్కడ. ఇప్పటికి ఎనిమిది నెలలైంది. అప్పుడు నిగనిగలాడుతూ నిక్కబొడుచుకుని ఉండే బొచ్చు ఇప్పుడు పాత పరుపులో దూదిలా ఉంది. చెవుల వెనక, తొడల దగ్గర ఉండలు కడుతోంది. తోక మొదలు దగ్గర అరచెయ్యంత మేర అసలు రానేలేదు. దురద లేదు, తిండి బాగానే తింటుంది. మా అత్తయ్యగారేమో “ఇంకోసారి గుండు కొట్టించండి, పిల్లలకి పుట్టు వెంట్రుకలు తీయించాక ఒత్తుగా రావట్లేదూ” అంటున్నారు. భీమవరంలో మా చెల్లెలి ఇంట్లో షిట్జు ఉంది. దానికి రెండు నెలలకోసారి మిషన్ పెట్టిస్తారు, ప్రతిసారీ చక్కగా వచ్చేస్తుంది. మా జున్నుకే ఎందుకిలా? మళ్ళీ వేసవి వచ్చేస్తోంది, టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, కోనసీమ

జవాబు: అమ్మా, ముందు మీ అత్తయ్యగారి సలహా సంగతి చూద్దాం, అర్జెంటుగా ఆపాల్సింది అదే కాబట్టి. మళ్ళీ గుండు వద్దు. పెద్దావిడ మాట తీసేస్తున్నానని అనుకోకండి. ఆవిడ చూసింది నిజమే, దానికి చెప్పుకున్న కారణమే తప్పు. పుట్టు వెంట్రుక కొస దగ్గర సన్నగా, మొనదేలి ఉంటుంది. కత్తి పడ్డాక ఆ మొన పోయి మొద్దుగా తెగిన అంచు మిగులుతుంది. చేత్తో నిమిరితే గరుకుగా, బిరుసుగా తగులుతుంది కాబట్టి ఒత్తుగా వచ్చిందనుకుంటాం. పైగా పిల్లలు పెరిగేకొద్దీ జుట్టు దానంతటదే చిక్కబడుతుంది. అన్నవరంలోనో, చిన తిరుపతిలోనో తలనీలాలివ్వడం మొక్కు, దాని జోలికి నేను పోను. కానీ చర్మం పైకి వచ్చిన వెంట్రుకలో ప్రాణం లేదు, మనిషికైనా కుక్కకైనా. పైన కోసిన సంగతి లోపలున్న కుదురుకి తెలియదు. కోత వల్ల కుదుళ్ళు పెరగవు, తరగవు, వెంట్రుక లావూ మారదు.

అలాంటప్పుడు జున్ను బొచ్చు ఎందుకు మారిందని అడుగుతారు. మారింది వెంట్రుక కాదమ్మా, వెంట్రుకల పొందిక.

జున్నులాంటి కుక్కకి ఒంటి మీద రెండు పొరల బొచ్చుంటుంది. పైకి కనిపించేది పొడవాటి, గట్టి వెంట్రుక. దాని అడుగున మెత్తటి నూగు. చర్మం మీద ఒకే రంధ్రంలోంచి ఒక గట్టి వెంట్రుక, దాని చుట్టూ బోలెడు సన్నటి నూగు వెంట్రుకలు కలిసి బయటికొస్తాయి. నూగు పని వేడినీ చలినీ ఒంటికి తగలకుండా ఆపడం. పై వెంట్రుక పని వాన నీళ్ళు జారిపోయేలా చెయ్యడం, దుమ్ము, ఎండ లోపలికి దిగకుండా చూడటం. మన పాత తాటాకు ఇళ్ళు గుర్తు తెచ్చుకోండి. పైన ఆకు ఏటవాలుగా, వరసగా పడుంటే ఎంత వానైనా చూరు మీంచి జారిపోతుంది, మే నెలలో కూడా లోపల చల్లగా ఉంటుంది. ఆ ఆకంతా పీకేసి పైన దూది పరిచారనుకోండి. నీళ్ళు పీలుస్తుంది, ఆరదు, ముద్ద కడుతుంది. ఇప్పుడు జున్ను ఒంటి మీద ఉన్నది ఆ దూదే.

ఎలా అంటే, జీరో కటింగ్‌లో పై వెంట్రుకా నూగూ ఒకే ఎత్తుకి తెగిపోయాయి. ఆ తరవాత నూగు ముందు లేచింది. అది పొట్టిది, త్వరగా తన పూర్తి పొడవుకి వచ్చేస్తుంది. పై వెంట్రుకది అలా కాదు. తెగిన మోడు రాలి, కొత్తది మొదలై, నూగుని దాటి పైకి రావాలి. అప్పటిదాకా కంటికి కనిపించేది నూగే. నిగనిగ కూడా అందుకే పోయింది. నునుపుగా, పొడుగ్గా ఉన్న పై వెంట్రుకల మీద వెలుగు పడితేనే ఆ మెరుపు. నూగు మీద పడ్డ వెలుగు చెదిరిపోతుంది, తెల్ల బొచ్చు కూడా మాసినట్టు కనిపిస్తుంది.

ఇక మీ చెల్లెలిగారి షిట్జు సంగతి. మీరు రాసిన ఉత్తరంలో అసలైన ప్రశ్న ఇదే. రెండింటి మీదా తిరిగింది ఒకే రకం మిషన్. తేడా మిషన్‌లో లేదు, కుక్కలో ఉంది. ప్రతి వెంట్రుకకీ ఒక పెరిగే కాలం, ఒక ఆగే కాలం, తరవాత రాలిపోవడం ఉంటాయి. షిట్జు, పూడిల్ లాంటి వాటి వెంట్రుకల్లో చాలాభాగం ఎప్పుడూ పెరిగే కాలంలోనే ఉంటాయి, మన తల వెంట్రుకల్లాగే. కత్తిరించకపోతే నేలకి జీరాడతాయి. అది పెరట్లో తోటకూర మడి లాంటిది, కోసినకొద్దీ వస్తుంది. జున్ను జాతివి, హస్కీ, లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటివి, అలా కాదు. వాటి వెంట్రుక ఒక పొడవుకి పెరిగి ఆగిపోతుంది. ఆగాక నెలల తరబడి కదలకుండా కుదురులో అలాగే కూర్చుంటుంది. అంటే ఒంటి మీదున్న వెంట్రుకల్లో చాలాభాగం ఏ రోజు చూసినా విశ్రాంతిలోనే ఉంటాయి.

దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు కదా. ఆ ఎండల్లో చేలో వరి మోళ్ళని మొదలంటా కోసినా, మళ్ళీ కోసినా, ఒక్క పిలక లేవదు. చేను చచ్చిపోయిందని కాదు, కాలువకి నీళ్ళు వదలలేదు, అంతే. జున్ను తోక మొదలు దగ్గర జరిగింది ఇదే. విశ్రాంతిలో ఉన్న వెంట్రుకని మిషన్ కోసేసింది, కుదురు ఇంకా నిద్ర లేవలేదు. స్పిట్జ్, పామేరియన్, చౌ చౌ, హస్కీ రకాల్లో గొరిగిన చోట బొచ్చు రావడానికి 6 నుంచి 12 నెలలు పట్టడం మామూలే. కొన్నింటికి రెండేళ్ళు కూడా పడుతుంది. ఆపరేషన్ కోసం, స్కానింగ్ కోసం గొరిగిన చోట కూడా ఇదే కనిపిస్తుంది. ఎనిమిది నెలలకి ఆశ వదులుకోనక్కర్లేదు.

(మాటలో మాట, మన ఊళ్ళలో పామేరియన్ అని పిలుచుకునేవాటిలో చాలామటుకు ఇండియన్ స్పిట్జ్‌లు. అసలు పామేరియన్ 3 కిలోల లోపు బొమ్మలాంటి కుక్క. మీ జున్ను అంతకి రెండింతలు, మూడింతలు తూగితే స్పిట్జే అనుకోవచ్చు. బొచ్చు విషయంలో రెండిటికీ చెప్పే మాట ఒకటే.)

ఈ పాపం నేనూ చేశాను, దాచడమెందుకు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మా వీధిలో ఒకావిడ స్పిట్జ్‌కి చర్మం మీద చిన్న పుండుంటే, మందు రాయడానికి వీలుగా ఉంటుందని ఒళ్ళంతా గొరిగేశాను. పుండు వారంలో మానింది. బొచ్చు రావడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నరా ఆవిడ నాతో మాట్లాడలేదు. పుండు చుట్టూ రెండంగుళాలు తీస్తే సరిపోయేది.

అయితే ఎదురుచూడటం అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. తోక దగ్గర రాని ఆ అరచెయ్యంత చోటుని ఒకసారి వెలుతుర్లో పెట్టి చూడండి. చర్మం మామూలు గులాబీ రంగులో, నున్నగా, పొట్టు లేకుండా ఉండి, కుక్క హుషారుగా ఉంటే కుదురు నిద్రలో ఉన్నట్టే. అలా కాకుండా చర్మం నల్లబడుతున్నా, గొరగని చోట కూడా రెండు పక్కలా ఒకేలా బొచ్చు రాలుతున్నా, తోక ఎలుక తోకలా బోడిగా అవుతున్నా, తిండి పెరగకుండానే లావెక్కుతూ మందకొడిగా పడుకుంటున్నా థైరాయిడ్ రక్త పరీక్ష చేయించండి. నీళ్ళు విపరీతంగా తాగుతూ, పొట్ట జారి, బొచ్చు పోతుంటే అది కుషింగ్స్ అనే హార్మోన్ జబ్బు కావచ్చు. గుండ్రటి మచ్చ, అంచున పొట్టు, మధ్యలో తెగిపోయిన వెంట్రుకలు ఉంటే తామర. అది ఇంట్లో పిల్లలకీ అంటుకుంటుంది కాబట్టి ఆగకూడదు. శుభ్రం చెయ్యని మిషన్ బ్లేడుతో ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకి వచ్చే జబ్బుల్లో ఇదొకటి.

పామేరియన్ జాతిలో ఇంకోటుంది, అలోపీషియా ఎక్స్ అంటారు. తలా ముందు కాళ్ళూ బాగానే ఉంటాయి. మెడ, ఒళ్ళు, తొడల వెనక బొచ్చు పోయి చర్మం నల్లబడుతుంది, కుక్క మాత్రం శుభ్రంగా తిని తిరుగుతుంది. మగవాటిలో ఎక్కువ. తమాషా ఏమిటంటే, పరీక్ష కోసం చర్మం ముక్క తీసిన ఆ చిన్న చోట మాత్రం ఒక్కోసారి చక్కగా బొచ్చు మొలుస్తుంది, చుట్టూ బోడిగా ఉంటుంది. నెమ్మదిగా మొదలైన ఈ జబ్బు గొరిగించాక బయటపడి, మిషన్ మీద నింద పడ్డ సందర్భాలూ ఉన్నాయి. మీరు రాసిన లక్షణాలు చూస్తే జున్నుకి అది ఉన్నట్టు అనిపించడం లేదు. అయినా మార్చి లోపల ఒకసారి పశువుల డాక్టరుకి చూపించి థైరాయిడ్ పరీక్ష చేయించేస్తే మీ మనసుకీ నిమ్మళం.

జున్నుకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారో లేదో రాయలేదు. ఆ ఆపరేషన్ తరవాత కూడా కొన్నింటికి, ముఖ్యంగా కాకర్ స్పానియల్, సెట్టర్ లాంటి పొడుగు బొచ్చు జాతులకి, ఒళ్ళు ఉన్నిలా మారుతుంది. డాక్టరుకి ఆ సంగతి కూడా చెప్పండి.

ఇప్పుడు ఉండల సంగతి. అసలు రోజూ బాధ పెట్టేది ఇదే. కొబ్బరి పీచుని ఎలా తాడు చేస్తారో మీ కోనసీమలో నేను చెప్పక్కర్లేదు. నానబెట్టి, పేని, మెలిపెడితే విడదీయలేని తాడవుతుంది. నూగు బొచ్చు కూడా అంతే. ఉండ కట్టిన దాన్ని విడదీయకుండా స్నానం చేయిస్తే తడికి బిగిసి, ఆరాక రాయవుతుంది. కాబట్టి ముందు దువ్వడం, తరవాతే స్నానం. వారానికి మూడుసార్లు కూర్చోండి. ఒక స్లిక్కర్ బ్రష్ (సన్నటి తీగ పళ్ళున్నది), ఒక స్టీలు దువ్వెన చాలు. బొచ్చుని ఎడమచేత్తో పైకెత్తి పట్టుకుని, చర్మం గీతలా కనిపించేలా పాయ తీసి, ఆ గీత నుంచి కిందికి కొద్దికొద్దిగా దువ్వుతూ పైకి వెళ్ళండి. పైపైన దువ్వితే పైన సాఫుగా ఉండి అడుగున పీట కడుతుంది, చాలామంది చేసే పొరపాటు అది. దువ్వేముందు కాస్త నీళ్ళు చిలకరించండి, మరీ పొడిగా ఉంటే వెంట్రుక తెగుతుంది. ఉండని వేళ్ళతో కొస నుంచి విప్పుకురండి. రాకపోతే దాని అడుగున, చర్మానికీ ఉండకీ మధ్య దువ్వెన అడ్డం పెట్టి, దువ్వెన పైన మాత్రమే కత్తెర వెయ్యండి. చెవి వెనక చర్మం కాగితంలా పల్చగా ఉంటుంది. నేను కుట్లు వేసిన చెవుల్లో చాలావాటికి ఇంట్లో వంటకత్తెరే కారణం.

స్నానం మూడు నాలుగు వారాలకోసారి చాలు, కుక్కల షాంపూతోనే. ఆరబెట్టడం మాత్రం ముఖ్యం. మన దగ్గర గాల్లోనే తడి. వానాకాలంలో జున్ను పైకి ఆరినట్టే కనిపిస్తుంది, వేలు పెట్టి చర్మం దాకా చూస్తే తడిగా ఉంటుంది. ఆ తడిలోనే చర్మం ఎర్రబడి, చీము పట్టి, ఒక్క రాత్రిలో అరచెయ్యంత పుండవుతుంది. తువ్వాలుతో అద్ది, వేడి తక్కువ పెట్టిన డ్రయ్యర్‌తో గాని, ఫ్యాన్ కింద దువ్వుతూ గాని ఆరబెట్టండి. కాలవలో దిగే అలవాటుంటే ప్రతిసారీ ఇంతే పని.

కొబ్బరినూనె రాయమని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు, కోనసీమ కదా. రాస్తే దుమ్ము అతుక్కుంటుంది, కుక్క నాకేస్తుంది, ఎక్కువ నాకితే విరేచనాలు. బొచ్చు మొలవడానికి అది చేసేదేం లేదు. పచ్చిగుడ్డు కూడా వద్దు. పచ్చి తెల్లసొనలో ఉండే అవిడిన్ అనే పదార్థం, బొచ్చుకి కావాల్సిన బయోటిన్ ఒంటికి పట్టకుండా చేస్తుంది. ఉడకబెడితే ఆ గుణం పోతుంది, ఉడికిన గుడ్డు నిక్షేపంగా పెట్టండి. చేపలు మీకు కొదవ లేదు, అవీ మంచివే. బొచ్చె, శీలావతి ముక్క ఉప్పూ కారం లేకుండా ఉడికించి, ముళ్ళు పూర్తిగా తీసి వారానికి రెండుసార్లు అన్నంలో కలపండి. పచ్చిది వద్దు, ఈ జాతి చేపల్లో కొన్నింటిలో బి1 విటమిన్‌ని పాడుచేసే ఎంజైమ్ ఉంటుంది, ఉడికిస్తే పోతుంది. పులుసు ముక్క మాత్రం పెట్టకండి, అందులో ఉల్లిపాయ ఉంటుంది. ఉల్లి కుక్క రక్తకణాలని విరగ్గొడుతుంది. ఎండురొయ్యల్లో ఉప్పెక్కువ.

గట్టి బొచ్చున్న కుక్కల సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి, ఎందుకంటే మిషన్ పెడితే బొచ్చు తీరు కచ్చితంగా మారేది వాటికే. టెరియర్లు, ష్నాజర్ల ఒంటి మీద తీగలా బిరుసుగా ఉండే వెంట్రుక ఉంటుంది. దాని కొస భాగం గట్టిది, రంగు చిక్కనిది. కుదురు దగ్గర సన్నగా, మెత్తగా, వెలిసినట్టు ఉంటుంది. మిషన్ కొసని తీసేసి మెత్తటి మొదలుని మిగులుస్తుంది. అలా నాలుగైదుసార్లు చేస్తే నల్ల కుక్క బూడిద రంగుకి తిరిగి, బిరుసు పోయి పిల్లిలా మెత్తబడుతుంది. అందుకే ప్రదర్శనలకి తీసుకెళ్ళేవాళ్ళు ముదిరిన వెంట్రుకలని వేళ్ళతో పట్టి పీకుతారు. కుదురు ఖాళీ అవుతుంది, కొత్త వెంట్రుక కొసతో సహా మళ్ళీ గట్టిగా వస్తుంది. ఇది చదివి మీరు జున్ను బొచ్చు పీకకండి తల్లీ. అది టెరియర్ కాదు, కరుస్తుంది కూడా.

ఇక రాబోయే మే నెల. మీ వారు జాలితోనే చేయించారు, ఆయన్ని ఏమీ అనకండి. కానీ కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. కాస్తో కూస్తో అరికాళ్ళకే. దాని చల్లదనమంతా రొప్పడంలోనే, నాలుక మీద తడి ఆవిరైపోతేనే. బొచ్చు తీసినా రొప్పడం ఆగదు. పైగా తెల్ల కుక్క చర్మం గులాబీ రంగు కాబట్టి తిన్నగా ఎండ తగిలి కమిలిపోతుంది. మన డెల్టాలో ఇంకో ఇబ్బందుంది. సముద్రం పక్కనే, చుట్టూ కాలవలూ చెరువులూ. గాల్లో తడి నిండి ఉంటే నాలుక మీది తడి ఆవిరి కాదు. మనకి చొక్కా అంటుకుపోయే ఉక్కపోత రోజున దానికి ఇంకా కష్టం, ఎండ అంత లేకపోయినా సరే.

కాబట్టి నడక పొద్దున్న ఏడు లోపల, సాయంత్రం రోడ్డు మీద అరచెయ్యి పెడితే కాలనప్పుడు. మధ్యాహ్నం గచ్చు మీద, గాలాడే చోట, పక్కన తడి గోనె సంచి. డాబా మీద గదిలో కట్టేయొద్దు. పొట్ట, తొడల లోపలి పక్క, పాదాలు తడపండి. వీపు మీద నీళ్ళు పోస్తే నూగులో నిలిచిపోయి ఉక్క పెడుతుంది. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. 105 దాటి, చొంగ కారుస్తూ, తూలుతూ ఉంటే అది వడదెబ్బ. అప్పుడు మాత్రం ఏ నియమమూ లేదు, ఒళ్ళంతా మామూలు చల్లటి నీళ్ళతో తడుపుతూ ఫ్యాన్ గాలి తగలనిచ్చి, వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

గోమార్ల కోసం గొరిగించాలని ఎవరైనా అంటే దానికీ ఒప్పుకోకండి. కుక్క మీద కనిపించేవి కొన్నే, మిగతావి గోడ పగుళ్ళలో, పశువుల పాకలో గుడ్లు పెట్టుకుని ఉంటాయి. డాక్టరు ఇచ్చే మాత్రో, మెడ మీద వేసే చుక్కల మందో వాడుతూ ఇల్లు శుభ్రం చేసుకోవాలి. గేదెలకి వాడే మందు అంచనాగా కలిపి పూసేస్తే ప్రాణం మీదికొస్తుంది.

గొరగక తప్పని సందర్భాలూ ఉన్నాయి. పుండులో పురుగులు పడితే, ఒళ్ళంతా చర్మానికి అంటుకుని పీట కట్టేస్తే, ఆపరేషన్‌కి. అప్పుడు అందం చూడకూడదు, తీసేయాల్సిందే.

ఇప్పటి నుంచి నెలకోసారి జున్నుని ఒకే చోట, ఒకే వెలుతుర్లో పక్కనుంచి ఫోటో తీసి పెట్టుకోండి. ఏదో ఒక నెల నూగు బాగా ఊడిపోయి ఇల్లంతా తెల్లటి ఉండలు దొర్లుతాయి. కంగారుపడకండి, మనం ఎదురుచూస్తున్నది దాని కోసమే. ఆ తరవాత వీపు మీద నూగులోంచి అక్కడక్కడా కొబ్బరి ఈనెల్లా నిలువుగా, మెరుస్తూ పొడుగు వెంట్రుకలు పైకి లేస్తాయి. ముందు మెడ మీద, చివర్న తోక మొదలు దగ్గర వచ్చినా ఆశ్చర్యం లేదు.

మళ్ళీ ఎప్పుడైనా టౌన్‌కి తీసుకెళ్తే మీ వారు అక్కడ చెప్పాల్సిన మాట: “ఒంటి మీద మిషన్ పెట్టొద్దండి. స్నానం, డ్రయ్యర్, దువ్వడం చాలు. పాదాల కింద వెంట్రుకలు, వెనకవైపు కాస్త కత్తెరతో తియ్యండి, అంతే.” జున్నుని లోపలికి ఇచ్చి బయట కూర్చోకుండా, ఆయన్ని పక్కనే నిలబడమనండి.